బెంగుళూరు హాకీ మైదానము

మాది నల్లచెరువు. ఊరి పేరులోనే చెరువున్నది. కదిరికిని మదనపల్లెకును నడుమ బాటమీద నున్న యీ చిన్నయూరిని చదువరులలో పెక్కండ్రు వినియుండరు. పూర్వము మేము అనంతపురము జిల్లావారము. 2022వ సంవత్సరము ఏప్రిలు నెలలో శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడినది మొదలు ఆ జిల్లావారమైతిమి. జిల్లా పేరు మారినదిగాని వాన మారలేదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మా వాటా. అదియు వచ్చిన వచ్చినట్లు, రాకున్న లేదు. ఇట్టి నేలలో పుట్టిన యాడువారికి చెరువనగా నేమో యొకరు చెప్పనక్కరలేదు. కడవ చంకనెత్తినప్పుడే తెలియును.

అట్టి మేము మొన్న దసరా సెలవులలో బెంగుళూరికి బోయి ఒక హాకీ మైదానమును జూచివచ్చితిమి. బెంగుళూరికి బోయినవారు లాల్‌బాగును, విధానసౌధమును, పట్టుచీరల యంగళ్ళను జూచి వచ్చుట లోకాచారము. మేము హాకీ మైదానము జూడబోవుటకు గారణము మా పెద్దమ్మాయి.

మా వారు ఉపాధ్యాయులు. వారు పనిచేయు పాఠశాల మా పుట్టినింటి యూరనే యున్నది. నల్లచెరువునుండి అరగంట ప్రయాణము. రెండేండ్ల క్రిందట వారెచ్చటనో యడిగి పాత హాకీ కర్రలు పదునొకటి సంపాదించి తెచ్చి, బాలికలకు ఆట నేర్ప మొదలిడిరి. ఆటస్థలమనగా బడి ముంగిలి. నడుమ వేపచెట్టు, ఒక మూల చేదబావి. బంతి మూడుసార్లు కదలినచో నాలుగవసారి బావిలో బడును. ద్రోణాచార్యులవారు దర్భపుల్లలు గ్రుచ్చి రాకుమారుల బంతిని నూతినుండి వెలికిదీసిన కథను ఆదిపర్వమున జదువుకొన్నప్పుడు మేమంతగా మెచ్చలేదుగాని, బడిపిల్లల బంతులకై పాతాళగరిగె నెరువు దెచ్చుచు దిరుగునప్పుడు ఆ విద్య యొక్క గొప్పతనము మాకు దెలిసివచ్చినది.

పండ్రెండేండ్ల పిల్ల కర్ర బట్టుకొని పరుగెత్తుట మా అత్తగారికి గిట్టలేదు. మేము వారికి దశకుమారచరిత్రమునుండి కందుకావతి కథను జదివి వినిపించితిమి. రాజపుత్త్రియైన యామె ప్రతిమాసము కృత్తికా నక్షత్రమునాడు, ఊరివారెల్లరు జూచుచుండగా, వింధ్యవాసినీదేవి ప్రీతికై బంతియాట యాడెడిది. దండి సంస్కృతమున జెప్పిన యీ కథను మన కేతన కవి తెనిగించినాడు. "దేవికి ప్రీతియైన యాట మన పిల్లకేల కారాదు?" యని మేమంటిమి. అత్తగారు కొంతసేపూరకుండి, "ఆ రాజుబిడ్డ యెండలో నాడలేదు గదా!" యనిరి. అంతటితో నా వాదము నిలిచినది. పిల్లమాత్రము ఆట మానలేదు.

ఇట్లుండగా గత వేసవిలో ఒక మాట పుట్టినది. మా పుట్టినింటి యూరి చెరువునకు ఉత్తరపువైపున కొంతభాగము మెరకగా నున్నది. చెరువు పూర్తిగా నిండిననే గాని నీరచ్చటి కెక్కదు. వేసవిలో మగపిల్లలచ్చట క్రికెట్టాడుదురు. ఆ మెరకను చదునుజేసి, మట్టిదోలి, బడిపిల్లల కాటస్థలముగా నిప్పింపుడని యూరివారు కొందరొక మనవి వ్రాసి, ఉపాధ్యాయుని సంతకమున్న బలముగా నుండునని మా వారికిచ్చిరి. ఆ కాగితమును జూచి అందరికంటె నెక్కువ సంతోషించినవారము మేమే. ఆడపిల్లలకు బావిలేని యాటస్థలము దొరకునుగదా యని మా యానందము. మా వారు వెంటనే సంతకము చేయలేదు. "సెలవులలో బెంగుళూరికి బోవుచున్నాముగదా, అసలు హాకీ మైదాన మెట్లుండునో, ఎంత చోటు వలయునో కన్నులార జూచివచ్చి వ్రాయుదము" అని యా కాగితమును మడిచి సంచిలో బెట్టుకొనిరి.

చిత్రాన్నము మూటగట్టుకొని, బొరుగులు, వేయించిన చెనిక్కాయలు దీసికొని, కదిరిలో బస్సెక్కితిమి. గోరంట్ల, కొడికొండ దాటగనే కర్ణాటకము. రాష్ట్రము మారినదని బాటప్రక్క ఫలకము చెప్పునుగాని మనుష్యుల మాట చెప్పదు. బాగేపల్లిలో బస్సులోని కెక్కి జామకాయలమ్మిన యామె మాతో తెలుగుననే బేరమాడినది. చిక్కబళ్ళాపురమునొద్ద నందికొండ మబ్బులో సగము దాగి కనబడినది. తరువాత రెండుగంటలు వాహనముల బారులే. తుద కందరు మెజెస్టిక్కని పిలుచు కెంపెగౌడ బస్సు నిలయమున దిగితిమి. మా బావగారు ఎదురుగా వచ్చియుండిరి. ఆ జనసమ్మర్దములో పిల్లలచేతులు వదలకుండుటే మాకు పని యైనది. నేలవంక చూచుటకైనను తెరపి లేదు. ఆ నేలనుగూర్చి తరువాత జెప్పెదము.

అక్కగారి యిల్లు శాంతినగరము దాపున. మరునాటి యుదయము కాఫీలు ముగియగనే బావగారు మమ్ము వెంటబెట్టుకొని అక్కితిమ్మనహళ్ళిలోని హాకీ మైదానమునకు దీసికొనిపోయిరి. దానికి ఫీల్డుమార్షలు కరియప్ప పేరు పెట్టినారు. కె. ఎం. కరియప్పగారు కొడగుదేశీయులు, 1949 జనవరి 15వ తేదీన భారతసైన్యమునకు తొలి భారతీయ సేనానాయకులైరి, 1993లో గతించిరి. సేనానికిని హాకీకిని నేమి పొత్తని మేమడుగబోయితిమి. కొడగువారనిన చాలును, హాకీ యందులో జేరియే యున్నదని బావగారు నవ్విరి. ఆ మాట యర్థము కొంతసేపటికి దెలిసినది.

వాకిట నున్న పనివాడు మా మాట వినగనే, "యా ఊరమ్మా మీది?" యని మన సీమమాటలో నడిగెను. నల్లచెరువనగా, "మాది గోరంట్ల పక్కన. రాండి, రాండి. చెప్పులు మాత్రం ఆడనే ఇడిసిపెట్టండి, మట్టి పడితే టర్ఫు చెడిపోతాది" అని లోనికి విడిచెను. పరదేశమున తనయూరి మాట వినిన, తలుపులు తమంత దెరచుకొనును.

చుట్టును కూర్చుండుటకు మెట్లు, రాత్రియాటలకు దీపస్తంభములు, ఆటకత్తెలు బట్టలు మార్చుకొనుటకు గదులు. వీని నడుమ ఎట్టి మిట్టపల్లములు లేక పలకవలె పరచియున్న మైదానము. దూరమునుండి గడ్డి యనిపించును. వంగి తాకిన నది గడ్డికాదు. సన్నని ప్లాస్టికు నారలను దట్టముగా నాటిన తివాసి. మా పెద్దమ్మాయి మోకాళ్ళపై గూర్చుండి అరచేతితో దానిని నిమిరి, "రాయి లేదమ్మా!" యనినది. రాయి యుండదని దానికిదివరకే తెలియును, బొమ్మలలో చూచియున్నది. అయినను చేతితో తెలిసికొనుట వేరు.

మైదానము పొడవు 91 మీటర్లకు కొంచె మెక్కువ, వెడల్పు 55 మీటర్లు. పూర్వపు లెక్కలో నూరు గజములు, అరువది గజములు. గోలుముందు అర్ధచంద్రాకారమున నొక గీత యుండును. ఆ గీతకు లోపలినుండి కొట్టిననే గోలు. వెలినుండి కొట్టినది లోపలి కేగినను లెక్కకు రాదు. కర్రకు నొకవైపు మాత్రమే చదును. ఆ వైపుతోనే బంతిని తాకవలెను, గుండ్రని వెనుకవైపు తగిలిన తప్పు. బంతి 160 గ్రాముల యెత్తు, రాయివలె గట్టిది. ఇవి యన్నియు మా వారు బడిలో జెప్పినవే యైనను, చూచుచు వినునప్పుడు బాగుగా దెలిసినవి.

ఇంతలో ఒక వింత జరిగినది. మైదానపు ప్రక్కలనుండి ఫిరంగులవంటి గొట్టములు బుస్సున నీరు చిమ్మ మొదలిడినవి. ధారలు ఆకాశమున కెగసి వంగి ప్లాస్టికు గడ్డిమీద గురిసినవి. మా చిన్నవాడు వానయని కేకలిడెను. మొలవని గడ్డికి నీళ్ళేలయని మేము నోరు వెళ్ళబెట్టి యడిగితిమి. పొడినారలమీద బంతి పట్టుకొని యెగిరిపడునట. తడిసినచో నూనె రాచిన పలకపై బోవునట్లు సమముగ నేగును. మఱియు పరుగున జారిపడిన పిల్లల చర్మము పొడినారల రాపిడికి కాలినట్లు దోగిపోవును. తడియున్న నా బాధ తగ్గును. అందువలన నాటకు ముందు వేలకొలది లీటర్ల నీరు చిమ్మవలసినదే. ఇట్టి మైదానము ఒలింపిక్సులో తొలుత 1976న మాంట్రియలులో వచ్చినది. అంతకుమున్ను మట్టిగడ్డిమీద నేడు స్వర్ణపతకములు గెలిచిన మనదేశము ఆ యేట నేడవస్థానమున నిలిచినది. నాటినుండి ఈ నేల లేనివా రీయాటలో నెగ్గుట దుర్లభమైనది. నీటికరవును దలచి, తక్కువనీటితో నాడదగిన నారలను గూడ నిప్పుడు నేయుచున్నారు. 2024న పారిసు ఒలింపిక్సులో నట్టిదానినే పరచిరి.

నీరు నిలిచిన తరువాత ఇరువదిమంది బాలికలు మైదానమున దిగిరి. పదునాలుగు, పదునాఱేండ్లవారు. మోకాళ్ళదనుక చెడ్డీలు, కాళ్ళకు ముంగాలికవచములు, జడలు బిగించి ముడిచిన తలలు. గోలు కాచు పిల్ల మాత్రము కాళ్ళకు దిండ్లు, చేతులకు పలకలు, మొగమునకు జాలరతొడుగు ధరించి, యుద్ధకాండములోని పాత్రవలె నున్నది. ఆ పిల్ల పేరు, ఊరు మేమడుగలేదుగాని, మా వారు మా అమ్మాయితో నొక కథ చెప్పిరి. పూర్వపు చిత్తూరుజిల్లాలో యెనుమలవారిపల్లెయను పల్లెటూర బుట్టిన ఏతిమర్పు రజని యిట్లే గోలుకాచుట నేర్చుకొని, దేశపు జట్టులో జేరి, 2016లో రియో ఒలింపిక్సునకును, 2021న జరిగిన టోక్యో ఒలింపిక్సునకును జట్టుతో బోయినది. టోక్యోలో మన యాడువారు గ్రేటుబ్రిటనుతో నాడి, మూడు గోళ్ళకు నాలుగు గోళ్ళతేడాతో కంచుపతకము గోలుపోయి నాలుగవవారైరి. స్త్రీల హాకీ ఒలింపిక్సులో తొలుత జేరిన 1980 మాస్కోలోను మనకు నాలుగవస్థానమే. ఆ పెద్దజట్టు ఆటకత్తెలు శిక్షణకై నెలలతరబడి యుండునది యీ బెంగుళూరిలోనే, నగరపు శివారున కేంద్రప్రభుత్వపు క్రీడాశిక్షణాలయములో.

మెట్లపై మాకు ప్రక్కనే యొక పెద్దమ్మ కూర్చుండియుండెను. వయస్సు డెబ్బదికి దక్కువ యుండదు. కొంగు వెనుకకు మడతలుబెట్టి భుజముమీద ముడివైచిన చీరకట్టును జూచి కొడగువారని తెలిసికొంటిమి. ఆమెకు మనుమరాలు ఆటలో నున్నది. ఆమెకు తెలుగు రాదు, మాకు కన్నడము కొంచెము వచ్చును. అక్కగారు నడుమ మాట కలిపిరి. కొడగులో ప్రతి వేసవిని వంశములవారిగా జట్లు గట్టి హాకీ యాడుదురట. 1997లో కరడయను గ్రామమున పాండండ కుట్టప్పగారు ఆరంభించిన యీ పండుగలో 2024న 360 కుటుంబముల జట్లు చేరినవి. ఒక్కొక్కయేడు ఒక్కొక్క వంశము పండుగను జరిపించును. జట్టులో అన్నయు చెల్లెలును, మామయు కోడలును గూడ నాడవచ్చును. "మీరు నాడితిరా?" యని మేము వేడుక కడిగితిమి. ఆమె కర్ర బట్టినట్లు చేతులుంచి, "యాభైయేండ్లు దాటినాక ఒకమారు ఆడినాను. మా యింటి కోడలు నాకు బంతి యందించినది, నేను వదలినాను. ఇప్పటికిని దెప్పును" అని పకపక నవ్వెను. మా అత్తగారిని వెంటబెట్టుకొని రానందుకు మాకు మిక్కిలి విచారమైనది.

ఈ బెంగుళూరు స్త్రీల హాకీకి పుట్టినిల్లు వంటిది. ఇచ్చటి కుక్‌టౌనులో బుట్టిన బ్రిట్టో సోదరీమణులు ముగ్గురు, ఎల్వెరా, రీటా, మే, 1960 మొదలు 1967 వరకు మైసూరు రాష్ట్రపు జట్టులో నాడిరి. ఎల్వెరా నాయకురాలు. ఆ యెనిమిదేండ్లును వరుసగా జాతీయపు పోటీలో మైసూరువారే గెలిచిరి. 1965లో ఆమెకు అర్జున పురస్కారము వచ్చినది. 2022 ఏప్రిలులో ఆమె కన్నుమూసినది. ఆ కాలమున టర్ఫు లేదు, దీపస్తంభములు లేవు, ఆడువారి యాట జూచుటకు టిక్కెట్టు కొనువారు నరుదు. ఒకయింటి యక్కచెల్లెండ్రు ఎనిమిదేండ్లపాటు ఓటమి యెరుగకుండుట పురాణకథవలె నున్నదని మేమనుకొంటిమి.

ఆట ముగిసినది. పిల్లలు సీసాలతో నీరు త్రాగుచుండిరి. ప్లాస్టికు నారలపై నిలిచిన నీరు మెల్లగా అంచుల కాలువలలోని కింకుచుండెను. మా వారు సంచిలోని కాగితము దీసి, వెనుకవైపున మైదానపు కొలతలు వ్రాసికొనుచు, "ఇంతచోటు చెరువు మెరకలో నుండునా?" యని తమలో దామనుకొనిరి. బావగారు విని, ఏ చెరువని యడిగిరి. మేము సంగతి యంతయు జెప్పితిమి. బావగారు కొంతసేపు మాటాడలేదు. పిదప మైదానమువంక జేయిసాచి, "ఇదియు చెరువే" యనిరి.

మాకు దెలియలేదు. బావగారు విప్పిచెప్పిరి. అక్కితిమ్మనహళ్ళి యని యొక గ్రామముండెడిది, దానికొక చెరువుండెడిది. ఊరు పెరిగి గ్రామమును మ్రింగినది. చెరువెండినది, పూడినది. ఆ పూడిన గర్భముననే యీ హాకీ మైదానము వెలసినది. ఇదొక్కటియేకాదట. సంపంగి చెరువు కంఠీరవ క్రీడాంగణమైనది. శూలె చెరువు ఫుట్‌బాలు మైదానమైనది. "నిన్న మీరు బస్సు దిగితిరే, ఆ మెజెస్టిక్కు ధర్మాంబుధి చెరువు. మీరు చెరువులోనే దిగినారు" అని నవ్విరి.

మేము నవ్వలేకపోయితిమి. క్షణముక్రితము జూచిన యా నీటిధారలు కన్నులముందు మెదలినవి. చెరువు పోయిన చోటనే, నీళ్ళు తెచ్చి, మొలవని గడ్డిమీద జల్లుచున్నారు. ఎవరిని నిందింపగలము? చెరువును పూడ్చిన దెవరో యేనాటివారో. నీళ్ళు జల్లుచున్నవా డాడపిల్లల మోకాళ్ళు చీరుకొనిపోకుండ జల్లుచున్నాడు. ఆ మోకాళ్ళును మాకు ముద్దే. ఈ మైదానమును త్రవ్వి మరల చెరువు చేయవలెనని మేమనము. ఇచ్చట నాడిన పిల్లలకు ఇది కాక మరెచ్చట నింతచోటు దొరకెడిది? ఇంత పెద్ద నగరమున ఖాళీగా, చదునుగా, ఇంటిగోడలు లేకుండ మిగిలిన నేల యదియొక్కటే. చెరువెండిననాడు దానిపై నందరికన్ను బడును. పిల్లల పేరు చెప్పిన నెవరు కాదనరు. మేమును కాదనలేదు. సంతోషముతో గంతులిడితిమి.

మరునాడు కబ్బన్ పార్కునకు బోయితిమి. 1870లో నేర్పరచిన పెద్ద యుద్యానవనము. మొదట మీడు దొరపేరు పెట్టి, తరువాత కబ్బను దొరపేరు పెట్టిరట. మ్రాకుల నీడను పిల్లలు పరుగులాడిరి. వెదురుపొదల సొంపును, ఎఱ్ఱని పాతకట్టడముల యందమును మేము వర్ణింపము. అది యితరులు చక్కగ జేసియున్నారు. మా మనస్సు పార్కునకు జేరువనేయున్న కంఠీరవముమీద నుండెను. అక్కగారిని బలవంతపెట్టి అటు తీసికొనిపోయితిమి. అంత పెద్ద సంపంగి చెరువులో మిగిలినది, ఆ క్రీడాంగణపు టావరణలో చిన్న చదరపు కుంట. దానినైన నేల యుంచిరనగా, కరగపండుగకై యుంచిరట. చైత్రపూర్ణిమకు జరుగు కరగము ద్రౌపదీదేవి పండుగ. తిగళులను తోటకాపులు, ధర్మరాయస్వామి గుడివారు దీనిని నడపుదురు. ఆ పూజలలో సంపంగి చెరువునకు పోవలెనని యాచారము. నగరము చెరువును దీసికొన్నది; దేవికి మాత్రము కుంటంత విడిచినది. అరణ్యవాసమున పతులతో గష్టములుపడిన యా సాధ్వికి, నీళ్ళు కరవైన యీ వాసము గూడ తప్పలేదు గాబోలు నని మాకు దోచినది.

ఆ రాత్రి అక్కగారింట భోజనములైన పిమ్మట పెద్ద వాగ్వాదము జరిగినది. బావగారు 2022 సెప్టెంబరులో బెంగుళూరి వీధులు మునిగి జనులు పడవలమీద దాటిన సంగతి జెప్పిరి. చెరువులు, వాగులు మూసిన చోటులకే నీరు వెదకుకొని వచ్చినదట. మా వారు 2021 నవంబరున కదిరి ప్రాంతమున గురిసిన కుండపోతను జ్ఞప్తిచేసిరి. ఆ నెల మా పుట్టినింటి యూరి చెరువు, ఏండ్లతరబడి నోరుదెరచుకొనియున్నది, నిండి మరువ పారినది. ఇప్పుడు చదును చేయుదుమను ఉత్తరపు మెరకమీద ఆ యేడు మోకాలిలోతు నీరు నిలిచినది. అమ్మ ఫోనులో నేడ్చుచు నవ్వుచు జెప్పినది మాకు మఱపురాదు. పదేండ్లకొకమారు వచ్చు చుట్టమైనను, వచ్చిననాడు కూర్చుండుటకు పీట యుండవలెను గదా.

మా వారికి శాసనములన్న ప్రీతి. కడపజిల్లా పోరుమామిళ్ళలో 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు చెరువు త్రవ్వించి, చెరువునకు వలసిన పండ్రెండంగములను, చెరువునకు గలుగు నారు దోషములను రాతిమీద జెక్కించినాడని చెప్పిరి. మేము మా నాయనగారు నేర్పిన సప్తసంతానములను దలచుకొంటిమి. కొడుకు, చెరువు, కావ్యము, గుడి, వనము, నిధి, అగ్రహారము. "ఇందులో కూతురు లేదేమమ్మా?" యని మా పెద్దమ్మాయి చాపమీదనుండి యడిగినది. నిద్రపోయినదనుకొంటిమి. ఆ ప్రశ్నకు ఏ నిఘంటువునను జవాబు లేదు. "ఆటస్థలము గూడ లేదు" అని మఱల తానే యనినది. కొంతసేపటికి, "అయినా చెరువులో వద్దు. నీళ్ళొచ్చినపుడు మేమెక్కడ ఆడాల?" అని ప్రక్కకు దిరిగి పండుకొనినది. మేము పెద్దవార మిరువురు పురాణములు, శాసనములు తిరుగవేసి చేరుకొన్నచోటికి పిల్ల యొక్క మాటతో జేరినది.

తిరిగివచ్చిన తరువాత మా వారు ఆ కాగితమున సంతకము చేయలేదు. ఊరివారు కొందరు నొచ్చుకొనిరి. "ఎండిన చెరువుమీద అయ్యవారికి ప్రేమ పుట్టుకొచ్చింది" అని రచ్చబండకాడ ఎకసక్కెములాడిరట. కాదన్నంతమాత్రాన పిల్లలకు చోటు దొరకదు. చెరువుకట్టకు దిగువను గాక, బడికి తూర్పున గుట్టమొదట నొక రాళ్ళబీడున్నది. అది దేనికిని పనికిరాదని యెవరును దానిని చూడలేదు. దానికై వేరు మనవి వ్రాసిరి. రాళ్ళేరుటకు ఎన్ని దినములు పట్టునో యంచనా వేసి అందులోనే జేర్చిరి. అది యింకను పైవారియొద్దనే యున్నది. మనవి నడుచు వేగము చదువరులెరుగనిది కాదు.

గడచిన ఆదివారము సాయంకాలము ఆ బీడు కొలుచుటకు బోయితిమి. మా వారు నులకత్రాటికి గజమున కొక ముడివైచి తెచ్చిరి. పెద్దమ్మాయి త్రాటికొన బట్టుకొని కంపచెట్లనడుమ పరుగెత్తినది. ఎనుబదిరెండవ ముడియొద్ద పెద్దబండ యడ్డమైనది. అడ్డకొలత అరువది గజములు సరిగా వచ్చినది. నిలువుకొలతలో పదునెనిమిది గజములు చాలవు. "బండను పగులగొట్టించవలెను" అని మా వారు. "ఎనుబదిరెండు గజాల్లోనే ఆడతాం" అని పిల్ల. మా చేత నున్న రెండవకొనను వదలుటకు వీలులేక మేమచ్చటనే నిలుచుండి యిద్దరి వాదము వింటిమి. అత్తగారు బీడు చివర నీడపట్టున గూర్చుండి, "ఎండ దిగినాక ఆడండి, ఎండ దిగినాక" అని కేకవేయుచుండిరి.